‘నీ ప్రాబ్లం ఏమిటి?’ అని అడిగితే...



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంచిక కమిటీ తమ్ముళ్లు ఫోన్ చేశారు. “మీరు పీహెచ్‌డీ చేసిండ్రు కదన్నా, మీ విజయగాథ రాయండి” అన్నారు. గాథలు రాయడం నాకు చేతకాదు. మనలాంటి పిల్లలు పీహెచ్‌డీ దాకా వెళ్లడానికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు గురించి, ఆ డబ్బు చేతికందే దాకా నడవాల్సిన దారి గురించి నాకు తెలిసింది రాస్తాను.

మాది పాలమూరు జిల్లా. అమ్మా నాయనా గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి, పూణే వైపు పనులకు పోయేవారు. వాళ్లు పోతే ఇంటికి తాళం. అందుకే నన్ను ఈ హాస్టల్లో చేర్పించారు. ఒక ట్రంకు పెట్టె, ఒక దుప్పటి, మూడు పూటలా అన్నం. పదో తరగతి అయ్యాక పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుతో ఇంటర్, డిగ్రీ, ఎం.ఏ. ఎకనామిక్స్ చదివాను. ఆ స్కాలర్‌షిప్ మొదలైంది 1944లో, బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్లో సభ్యుడిగా ఉన్న కాలంలో. మనలో ఎంతమంది దాని మీద బతికామో లెక్కపెడితే ఈ సంచిక చాలదు.

ఎం.ఏ. తర్వాత ఏమిటి? మా కాలంలో అక్కడే అందరం ఆగిపోయేవాళ్లం. బి.ఎడ్. చేసి టీచరు కావడం, లేదంటే గ్రూప్స్ రాయడం. పరిశోధన అంటే ఇంట్లో తిండికి లోటు లేనివాళ్ల పని అనుకునేవాళ్లం. 2005-06లో రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్ వచ్చాక ఆ మాట మారింది. ఎస్సీ విద్యార్థులకు ఏటా 1,333, ఎస్టీ విద్యార్థులకు 667 ఫెలోషిప్పులు. అప్పట్లో దానికి నెట్ పాసై ఉండాలన్న నిబంధన కూడా లేదు. నెలనెలా వచ్చే మొత్తం మా నాయన కూలి కంటే ఎక్కువ. పుస్తకాలకు, ఫీల్డ్ వర్క్‌కు వేరే డబ్బు. నేను పీహెచ్‌డీ పూర్తి చేయగలిగానంటే ఈ ఫెలోషిప్ వల్లనే.

అయితే ఫెలోషిప్ రావాలంటే ముందు పీహెచ్‌డీలో సీటు రావాలి. అసలు విషయం ఇక్కడుంది తమ్ముళ్లూ.

2006లో నేనూ, నా క్లాస్‌మేటూ కలిసి పీహెచ్‌డీ ఎంట్రన్స్ రాశాం. ఎం.ఏ.లో వాడికి నా కంటే ఎక్కువ మార్కులు. ఇద్దరికీ ఇంటర్వ్యూ వచ్చింది. ముందు వాణ్ని పిలిచారు. “వాట్ ఈజ్ యువర్ ప్రాబ్లం?” అని అడిగారట. వాడు లేచి నిలబడి, “నో ప్రాబ్లం సార్. హాస్టల్ సీటు ఒక్కటి ఇస్తే చాలు, బాగా చదువుకుంటాను” అన్నాడు. లోపల అందరూ నవ్వారట. బయటికొచ్చి నాకు చెబుతూ వాడూ నవ్వాడు. ఎందుకు నవ్వారో మాత్రం వాడికి అర్థం కాలేదు. పరిశోధనలో ప్రాబ్లం అంటే జవాబు వెతకాల్సిన ప్రశ్న అని వాడికి అప్పటిదాకా ఎవరు చెప్పారు? మన ఇళ్లలో ప్రాబ్లం అంటే అప్పు, రోగం, ఫీజు. వాడికి సీటు రాలేదు. ఇవాళ మంచి స్కూల్ టీచరు, పిల్లలు ప్రాణం పెడతారు. అయినా ఒక మంచి పరిశోధకుణ్ని ఒక్క మాట దగ్గర పోగొట్టుకున్నాం కదా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

నాకు సీటు ఎలా వచ్చింది? నాకు తెలివి ఎక్కువై కాదు. ఇంటర్వ్యూకు వారం ముందు యూనివర్సిటీ హాస్టల్లో ఒక సీనియర్ అన్న నన్ను తన రూముకు పిలిచాడు. మావాడు ఆ వారం ఊళ్లో కూలికి పోయాడు, లేకుంటే వాడూ వచ్చేవాడే. “మీ ఇంట్లో నీకు అర్థం కాని సంగతి ఏముంది?” అని అడిగాడు అన్న. “ఎనిమిది నెలలు పని చేసొచ్చినా మేస్త్రీ అప్పు ఎందుకు తీరదో అర్థం కాదన్నా” అన్నాను. “అదే నీ ప్రాబ్లం. రాయి” అన్నాడు. మూడు వ్యాసాలు చదివించాడు. రెండు పేజీల సినాప్సిస్ నాలుగుసార్లు తిరగరాయించాడు. నా పీహెచ్‌డీ ఆ రెండు పేజీల మీదనే నిలబడింది.

చాలా ఏళ్ల తర్వాత హైదరాబాదులో ఒక సెమినార్‌కు అమెరికా నుంచి ఒక నల్లజాతి అధ్యాపకురాలు వచ్చారు. భోజనాల దగ్గర మాటల్లో, వాళ్ల ఇంట్లో కాలేజీకి వెళ్లిన మొదటి మనిషి తానేనని, మెక్‌నైర్ స్కాలర్‌ని కావడం వల్లనే పీహెచ్‌డీ చేశానని చెప్పారు. అదేమిటని అడిగి తెలుసుకున్నాను, తర్వాత చదివాను కూడా.

రోనాల్డ్ మెక్‌నైర్ సౌత్ కరోలినా రాష్ట్రంలో లేక్ సిటీ అనే చిన్న ఊరి పిల్లవాడు. 1959లో తొమ్మిదేళ్ల వయసులో ఊరి లైబ్రరీకి పోయి సైన్సు పుస్తకాలు అడిగితే నల్లవాళ్లకు ఇవ్వమన్నారు. కదలకుండా అక్కడే కూర్చున్నాడు. పోలీసులను పిలిచారు. చివరికి పుస్తకాలు తీసుకునే ఇంటికి పోయాడు. 1976లో ఎంఐటీలో ఫిజిక్స్ పీహెచ్‌డీ, 1984లో అంతరిక్షయానం. 1986 జనవరి 28న చాలెంజర్ ప్రమాదంలో చనిపోయాడు. ఆయన పేరు మీద అమెరికా ప్రభుత్వం పెట్టిన పథకానికి 1989 నుంచి గ్రాంట్లు వచ్చాయి. ఆ గ్రాంటు కాలేజీలకు, యూనివర్సిటీలకు వెళ్తుంది. తీసుకునే విద్యార్థుల్లో మూడింట రెండు వంతుల మంది పేద కుటుంబాల వాళ్లు, ఇంట్లో మొదటి తరం చదువరులు అయి ఉండాలి.

నన్ను ఆకట్టుకున్నది డబ్బు కాదు, ఆ డబ్బుతో చేసే పని. డిగ్రీ చదువుతుండగానే ఒక్కో విద్యార్థికి ఒక అధ్యాపకుణ్ని జత చేస్తారు. వేసవిలో చిన్న పరిశోధన చేయిస్తారు. దాన్ని నలుగురి ముందు నిలబడి చెప్పిస్తారు. ప్రవేశ పరీక్షకు తయారు చేస్తారు, దరఖాస్తు రాయడం నేర్పుతారు. యూనివర్సిటీ హాస్టల్లో ఆ అన్న వారం రోజుల్లో నాకు చేసిన పనినే అక్కడ చట్టం రాసి, బడ్జెట్ ఇచ్చి చేయిస్తున్నారన్నమాట. నాకు అన్న దొరికాడు, మావాడికి దొరకలేదు. అదృష్టం మీద నడిచేదాన్ని పథకం చేశారు వాళ్లు.

బాబాసాహెబ్ జీవితంలో కూడా ఈ రెండూ కనిపిస్తాయి. 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ ఇస్తే కొలంబియా వెళ్లారు. అక్కడ ప్రొఫెసర్ సెలిగ్మన్ ఆయనకు గురువుగా దొరికారు. శిష్యుడి థీసిస్ పుస్తకంగా వచ్చినప్పుడు ముందుమాట రాసింది ఆయనే.

మన దగ్గర గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు స్టడీ సర్కిళ్లున్నాయి. నెట్ కోచింగ్‌కు యూజీసీ కూడా గ్రాంట్లు ఇచ్చింది. కానీ ప్రశ్న అడగడం నేర్పే చోటు డిగ్రీ పిల్లలకు తక్కువ. పైగా ఇప్పుడు పోటీ పెరిగింది. పేరు మారిన ఎస్సీ నేషనల్ ఫెలోషిప్ ఏటా 2,000 మందికి, కానీ నెట్ మెరిట్ మీదనే ఇస్తారు. ఎస్టీ తమ్ముళ్లకు 750 ఉన్నాయి. బీసీ మిత్రులకు 2014-15 నుంచి వేరే ఫెలోషిప్ ఉంది. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ మొత్తం నెలకు 37,000 రూపాయలు. డబ్బు ఉంది తమ్ముళ్లూ. దాని దాకా నడిపించే మనిషి కావాలి.

అందుకని పూర్వ విద్యార్థులకు ఒక మనవి. ఏటా వార్షికోత్సవానికి వచ్చి పూలదండలు వేయించుకుని పోతున్నాం. ఇక మీదట నెలకొక ఆదివారం వద్దాం. డిగ్రీ చదివే తమ్ముళ్లను కూర్చోబెట్టుకుని ఒక వ్యాసం కలిసి చదువుదాం. ఒక్కొక్కరి చేత ఒక ప్రశ్న రాయిద్దాం. ఊళ్లో చెరువు ఎందుకు ఎండింది? డప్పు కొట్టే తాతకు వచ్చిన పాటలు ఎన్ని? రేషన్ బియ్యం వచ్చాక జొన్న ఎందుకు తగ్గింది? ఇవన్నీ ప్రాబ్లమ్స్‌యే. పీహెచ్‌డీ చేసినవాళ్లే రానక్కరలేదు. ఎం.ఏ. చేసినవాడు డిగ్రీ వాడికి, డిగ్రీ వాడు ఇంటర్ వాడికి చెప్పొచ్చు.

నా వంతుగా మా గైడు ఎర్ర సిరాతో దిద్దిన నా సినాప్సిస్ కాపీలు నాలుగూ, థీసిస్ ఒకటీ హాస్టల్ లైబ్రరీకి ఇస్తున్నాను. వాటిని అద్దాల బీరువాలో పెట్టకండి, చేతుల్లో నలగనివ్వండి. మొదటి ఆదివారం నేనే వస్తాను. తలా ఒక ప్రశ్న రాసుకుని ఉంచండి.

జై భీమ్.