మా వంటింట్లో 135 నిమిషాలు

మీ ఇంట్లో పొద్దున వంటకి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసా? వంట చేసేవాళ్లని కాదు, చేయనివాళ్లని అడుగుతున్నాను. పోయిన ఏడాది జూన్ దాకా నన్నెవరైనా అడిగితే "అరగంట, మహా అయితే ముప్పావుగంట" అనేవాణ్ణి. పెళ్లయిన పన్నెండేళ్లూ అదే నమ్మకం. నేను ఆరున్నరకి లేచి, పేపర్ చూసి, స్నానం చేసి వచ్చేసరికి టేబుల్ మీద టిఫిన్, పిల్లల బ్యాగుల పక్కన లంచ్ బాక్సులు ఉండేవి. కళ్ల ముందు జరగని పనికి టైమ్ ఎలా తెలుస్తుంది?

జూన్‌లో మా ఆవిడకి భువనగిరి ట్రాన్స్‌ఫర్ అయింది. ఆమె బ్యాంకులో క్లర్కు. మేముండేది నాచారం హెచ్ఎంటీ నగర్. ఉప్పల్ రింగ్ రోడ్డుకి వెళ్లి వరంగల్ వైపు బస్సు పట్టుకోవాలి. నారపల్లి దాకా ఆ ఫ్లైఓవర్ పనుల మధ్య బస్సు ఎంతసేపు పాకుతుందో చెప్పలేం కాబట్టి ఏడుంబావుకల్లా ఇంట్లోంచి బయటపడాలి. పిల్లల స్కూల్ బస్సు మా సందు చివరికి 7:40కి వస్తుంది. "పొద్దున వంట నేను చూసుకుంటాలే" అన్నాను. ఆమె నవ్వలేదు, వద్దనలేదు. "చూద్దాం" అంది, అంతే.

మొదటివారం సంగతి దాచకుండా చెబుతాను. సోమవారం ఉప్మా ఉండలు కట్టింది. మంగళవారం బెండకాయలు కోశాక కడిగాను. ఆ జిగురు కడాయిని, గరిటెని, చివరికి నన్ను కూడా వదల్లేదు. రెండు రోజులు స్కూల్ బస్సు తప్పిపోతే పిల్లల్ని బండి మీద దింపాను. బుధ, గురువారాలు బాక్సుల్లో బ్రెడ్డు, జామ్. శుక్రవారం రాత్రి మా అమ్మాయి వాళ్లమ్మతో మెల్లగా, నాకు వినబడేంత మెల్లగా, "రేపు నువ్వే చేస్తావా?" అని అడిగింది.

నాచారం పారిశ్రామికవాడలో ఒక కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్‌ని నేను. మా దగ్గర టార్గెట్ పడిపోతే ముందు అరుస్తాం, అరిచినా లాభం లేకపోతే స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడతాం. ఏ పనికి ఎన్ని సెకన్లు, చెయ్యి ఎటు పోతోంది, మనిషి ఎన్నిసార్లు లేస్తున్నాడు, అన్నీ రాస్తాం. ఈ పద్ధతి పుట్టించినవాళ్లలో లిలియన్ గిల్‌బ్రెత్ అనే అమెరికా ఇంజినీరు ఒకరు. పన్నెండుమంది పిల్లల్ని కన్న తల్లి. 1924లో భర్త పోయాక, ఫ్యాక్టరీల్లో చేసే లెక్కల్నే వంటింటికి తెచ్చింది. పొయ్యి, సింకు, సామాను ఎక్కడెక్కడ ఉంటే మనిషి తక్కువ అడుగులు వేస్తుందో చూసి వంటిళ్లు గీసింది. కాలితో నొక్కితే మూత తెరుచుకునే చెత్తడబ్బా ఆమె ఆలోచనేనంటారు. రోజూ కార్ఖానాలో చేసే పని ఇంట్లో ఎందుకు చేయకూడదనిపించింది. మర్నాటి సోమవారం గోడ గడియారం కింద చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను.

5:10కి మొదలుపెట్టి 7:25కి ముగించాను. 135 నిమిషాలు. అందులో పొయ్యి దగ్గర నేను తప్పనిసరిగా నిలబడాల్సింది 50 నిమిషాలే. కుక్కర్ కోసం, నీళ్లు మరగడం కోసం ఊరికే నిలబడింది 28. ఉల్లిపాయలు, కూరగాయలు కోయడానికి 14. కడాయి రాత్రి తోమలేదు కాబట్టి దాన్నీ మరో రెండు గిన్నెల్నీ కడగడానికి 12. జీలకర్ర, బాక్సు మూత, చిన్న చెంచా వెతకడానికి 11. వెల్లుల్లి వలవడానికి 6, చింతపండు నానబెట్టి పిసకడానికి 5. మిగతా 9 నిమిషాలు నాకే నవ్వొచ్చింది: ఫ్రిజ్ తలుపు తెరిచి, ఈరోజు ఏం కూర చేయాలా అని చూస్తూ నిలబడ్డాను.

ఆ కాగితం మా ఆవిడకి చూపించాను. చదివి, "మరి రాత్రి మినపప్పు నానబోసింది, పాలు తోడుపెట్టింది, పొయ్యి తుడిచింది రాయలేదే?" అంది. రాయలేదు. అవి నేను చేసినవి కావు. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు, ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ వార్త నేను అప్పట్లోనే పేపర్‌లో చదివినట్టు గుర్తు. ఆ టైమ్‌కి ఆమె ఏ పనిలో ఉందో మాత్రం గుర్తు లేదు.

ఇక ఏం మార్చామో చెబుతాను. పెద్ద రహస్యాలేం లేవు, సగం మీకు తెలిసినవే.

ముందు ఆ 9 నిమిషాలు తీసేశాం. ఫ్రిజ్ పక్కన వేలాడే తెలుగు క్యాలెండర్ గడుల్లో ఆదివారం నాడే వారం కూరలు రాస్తాం. గురువారం పిల్లల ఇష్టం. కాబట్టి ప్రతి గురువారం ఆలుగడ్డ వేపుడే, దాని గురించి చర్చ లేదు. రెండోది, రాత్రి పడుకునే ముందు కడాయి, కుక్కర్, బాక్సులు తోమి బోర్లించడం. అది నా పని. పదిహేను నిమిషాల సీరియల్ పోయింది, పెద్ద నష్టమేం కాలేదు.

మూడోది ఆదివారం సాయంత్రం. నలుగురం టేబుల్ చుట్టూ కూర్చుంటాం, నలభై నిమిషాలు. మా బాబు రెండో తరగతి. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానబెట్టిన వెల్లుల్లి ఇస్తే పొట్టు తీస్తాడు, చేతులు వాసన చూసుకుని అక్క మొహం మీద పెడతాడు. అమ్మాయి చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంది. నేను అల్లం వెల్లుల్లి ముద్ద నూరి, కాస్త ఉప్పు, నూనె కలిపి ఫ్రిజ్‌లో పెడతాను. చింతపండు గుజ్జు తీసి, ఉప్పు వేసి, చిక్కబడేదాకా ఉడికించి సీసాలో పోస్తే వారం దాకా చారుకీ పులుసుకీ ఒక్కో చెంచా సరిపోతుంది. చిక్కుడు, బీన్స్, దొండకాయ లాంటివి తడి లేకుండా తుడిచి డబ్బాల్లో పెడితే రెండు మూడు రోజులు బాగానే ఉంటాయి.

కుక్కర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ టైమ్ కలిసొచ్చింది అక్కడే. మామూలు గిన్నెలో నీళ్లు సుమారు 100 డిగ్రీల దగ్గర మరిగిపోతాయి, ఆపైన ఎంత మంట పెట్టినా వేడి పెరగదు. కుక్కర్‌లో ఆవిరి బిగబట్టడంతో ఆ వేడి 120 డిగ్రీల దాకా పోతుంది. అందుకే పప్పు అంత త్వరగా ఉడుకుతుంది. నేను చేసిన పొరపాటేమిటంటే, అన్నం ఒకసారి, పప్పు ఒకసారి, ఆలుగడ్డలు ఒకసారి పెట్టడం. ఇప్పుడు కందిపప్పుని లేవగానే కడిగి నానబెడతాను. అరగంట తర్వాత కింద గిన్నెలో బియ్యం, పై గిన్నెలో పప్పు, టమాట, పచ్చిమిర్చి, ఆ పక్కన రెండు ఆలుగడ్డలు. మూడు విజిల్స్ రాగానే ఆపేస్తాను. ఆవిరి దానంతటదే దిగేలోగా లోపల ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. ఆ పది నిమిషాల్లో దోసెలు పోస్తాను. గరిటెతో వెయిట్ ఎత్తి ఆవిరి వదలడం మానేశాక గ్యాసూ మిగులుతోంది, భయమూ లేదు.

అతిగా పోయి దెబ్బతిన్నవీ ఉన్నాయి. ఒక ఆదివారం ఉత్సాహంగా ఐదు రోజుల కూరలూ ఒకేసారి వండి డబ్బాల్లో పెట్టాను. బుధవారానికల్లా ఇంట్లో ఎవరూ వాటి మొహం చూడలేదు. ఆకుకూరలు ముందురాత్రి సన్నగా తరిగి పెడితే పొద్దునకి అంచులు నల్లబడ్డాయి. మనకి నాలుగు అడుగుల దూరంలో తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చిన సంస్థ. 2024లో వాళ్లు కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేశారు. కూరగాయలు కోయకముందే కడగాలి, కోసిన ముక్కల్ని నీళ్లలో నానబెట్టకూడదు, ఉడికించిన నీళ్లు పారబోయకూడదు అని వాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. నా బెండకాయల కష్టానికి విరుగుడు ఇంత దగ్గర్లో ఉందని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు పాలకూర, తోటకూర ఏ రోజువి ఆ రోజే.

ఇంకొక అతి కూడా ఒప్పుకోవాలి. డబ్బాలన్నిటికీ లేబుళ్లు అంటించి, వంటింట్లో సామానంతా మా స్టోర్ రూమ్‌లా సర్దాను. మర్నాడు పోపుల డబ్బా పాత చోటుకే, పొయ్యికి కుడిపక్కకి వచ్చేసింది. పన్నెండేళ్లుగా అది అక్కడ ఎందుకుందో రెండు రోజులు పోపు వేశాక నాకూ అర్థమైంది.

బాక్సుల గురించి మీ అందరికీ పనికొచ్చే ముక్క ఒకటుంది. ఆగస్టులో పేరెంట్స్ మీటింగ్‌లో మా బాబు టీచర్, సోమవారం, గురువారం బాక్సు సగం అలాగే వెనక్కి వస్తోందని చెప్పారు. ఆ రెండు రోజులూ నేను చాలా కష్టపడి చపాతీ చేసే రోజులు. సోమవారం కుర్మాతో, గురువారం ఆలుగడ్డ వేపుడుతో. నొచ్చుకున్నాను. వాణ్ణి అడిగితే "టైమ్ సరిపోదు నాన్నా" అన్నాడు. సాకు అనుకున్నాను. ఆదివారం చెప్పకుండా గడియారం చూశాను: చపాతీ, కుర్మా తినడానికి వాడికి 31 నిమిషాలు, పప్పన్నం, నెయ్యి అయితే 12. తెల్లారుజామున లేచి అరగంట వత్తిన చపాతీలు వాడికి ఒక పనిగా మారాయన్నమాట. ఇప్పుడు స్కూల్ రోజుల్లో చేత్తో గానీ చెంచాతో గానీ గబగబా తినగలిగేవే పెడుతున్నాను: పప్పన్నం, పులిహోర, పెరుగన్నంలో దానిమ్మ గింజలు. ఆలుగడ్డ వేపుడు కూడా అన్నంలోకే. మీ పిల్లల బాక్సు తిరిగొస్తుంటే, రుచి సంగతి తర్వాత, ముందు తినడానికి ఎంతసేపు పడుతోందో చూడండి.

మరీ ఆలస్యమైన రోజు కందిపొడి, నువ్వులపొడి ఉండనే ఉన్నాయి. మా అత్తమ్మ జనగామ నుంచి వచ్చినప్పుడల్లా రెండు సీసాలు తెస్తుంది. నా నోట్‌బుక్ చూసి ఆమె, "ఎండాకాలం తొక్కులు పెట్టి, వడియాలు ఎండబెట్టి మేము చేసిందేంది బాబూ?" అంది. ఏప్రిల్‌లో పడ్డ కష్టంతో జనవరిలో పొద్దుల్ని మిగుల్చుకున్నారు వాళ్లు. స్టాప్‌వాచ్ లేకుండానే.

ఇప్పుడు నా పొద్దున వంట 70, 75 నిమిషాల్లో అయిపోతోంది. ఆమెకి మిగిలింది అంతకంటే ఎక్కువ. ఆమె జేఏఐఐబీ పరీక్ష రాస్తోంది. ఒక పేపర్ రెండుసార్లు పోయింది, రెండోసారి కొద్ది మార్కుల్లో. రాత్రి పదిన్నరకి పుస్తకం తెరిచి, దాన్ని మొహం మీదే పెట్టుకుని నిద్రపోయేది. నేను పుస్తకం తీసి లైటు ఆర్పేవాణ్ణి, పాపం అలసిపోయింది అనుకుంటూ. ఇప్పుడు పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా డైనింగ్ టేబుల్ దగ్గర చదువుకుంటోంది. కుక్కర్ కూత పెట్టినప్పుడు మాత్రం తల ఎత్తకుండానే "ఎన్నోది?" అంటుంది. నేను లెక్క చెబుతాను.

రాత్రి వంట ఇంకా ఆమెదే. ఆ లెక్క రాయడం నేనింకా మొదలుపెట్టలేదు.