వేడిమి వేసిన చిక్కుముడి

1898లో ఇంగ్లండునందలి బ్రిస్టల్ నగరమున విలియం క్రూక్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఒక హెచ్చరిక చేసెను. పైరులకు నత్రజని కావలెను. నాడు దానికి ముఖ్యాధారము చిలీ దేశపు ఎడారులలోని సురేకారము. ఆ నిలువలు తరిగిపోయినచో జనులకు తిండి కరవగునని ఆయన భయపడెను. గాలిలో ఇంచుమించు అయిదింట నాలుగు పాళ్లు నత్రజనియే. ఉండియేమి? పైరు దానిని నేరుగా గ్రహింపజాలదు. గాదెనిండ ధాన్యమున్నను తాళపుచెవి లేని యింటివాని స్థితి యది.

నత్రజనిని ఉదజనితో కలిపిన అమ్మోనియా యగును. అయితే ఇది ద్విగత చర్య. ఒకవంక అమ్మోనియా పుట్టుచుండగనే మరియొకవంక విడిపోవుచుండును. 17 గ్రాముల అమ్మోనియా ఏర్పడునపుడు సుమారు 46 కిలోజౌళ్ల వేడిమి వెలువడును. దానిని మరల విడదీయుటకు సరిగా అంత వేడిమియే కావలెను. పోవునపుడు విడిచినదానిని వచ్చునపుడు పుచ్చుకొనును. ఈ లెక్కలో ప్రకృతి కాసంతయు తప్పదు.

చిక్కంతయు ఇచటనే యున్నది. సమతాస్థితిలోనున్న చర్యకు వేడిమిని హెచ్చించినచో, అది వేడిమిని మ్రింగు దిక్కునకే మొగ్గును. ఫ్రాన్సు దేశీయుడగు లె షాటెలియే 1884లో ప్రకటించిన సూత్రమునుండి తేలు విషయమిది. కావున అమ్మోనియా అధికముగా కావలెనన్న చల్లగా నుంచవలెను. చల్లగా నుంచినచో చర్యయే సాగదు! నత్రజని పరమాణువులు జంటగా నొకదానినొకటి గట్టిగా పట్టుకొనియుండును; మిక్కిలి కాచినగాని ఆ పట్టు వదలదు. కాచినచో పుట్టిన అమ్మోనియా పుట్టినట్లే విడిపోవును. 1901లో లె షాటెలియే స్వయముగా అధిక పీడనముతో ప్రయత్నించెను గాని, వాయువులలో గాలి కలియుటచే పరికరము ప్రేలిపోయెను. ఆయన ఆ పని విడిచిపెట్టెను. సూత్రము చెప్పినవానికే ఫలము దక్కకపోవుట విచారకరము.

జర్మనీలోని కార్ల్స్‌రూహె నగరమున ఫ్రిట్జ్ హేబర్, ఆయన సహాయకుడు రాబర్ట్ లె రాసిన్యోల్ ఆ చిక్కును విప్పిరి. నాలుగు ఘనపరిమాణముల వాయువులు కలిసి రెండగును గనుక, పీడనము హెచ్చినకొలది అమ్మోనియా హెచ్చును. చర్యను త్వరపెట్టుటకు ఆస్మియము అను లోహమును ఉత్ప్రేరకముగా నుంచిరి. 1909 జూలైలో వారి పరికరమునుండి ద్రవరూపమున అమ్మోనియా బొట్టుబొట్టుగా రాలెను. ఆ పరికరములో మెచ్చదగిన నేర్పొకటి కలదు: వెలుపలికి వచ్చు వేడి వాయువులు తమ వేడిమిని లోనికి పోవు చల్లని వాయువులకు ఇచ్చుచుండెను. చర్య విడిచిన వేడిమిని వృథా పోనీయలేదు.

తరువాత కార్ల్ బోష్ దీనిని పరిశ్రమగా పెంచెను. 1913లో ఓపౌ అను చోట కర్మాగారము నడక సాగించెను. అచట ఉత్ప్రేరకము చవుకైన ఇనుము. 200 వాతావరణముల పీడనమున, 400 డిగ్రీల సెంటిగ్రేడుయొద్ద మిశ్రమములో మూడవవంతునకు పైగా అమ్మోనియా కాగలదు. 500 డిగ్రీలయొద్ద ఆరవవంతు మాత్రమే. అయినను అధికమగు వేడిమినే ఎన్నుకొనిరి. ఆలస్యముగా వచ్చు పెద్దపాలుకన్న వెంటనే వచ్చు చిన్నపాలే వారికి మేలయ్యెను.

1914లో మొదలైన మహాయుద్ధమున ఆ అమ్మోనియాయే ప్రేలుడు పదార్థములకును మూలమయ్యెను. పొలమునకు పోయినదెంతయో, ఫిరంగికి పోయినదెంతయో!

తెలంగాణములోని రామగుండమున 2021లో ఉత్పత్తి ప్రారంభించిన యూరియా కర్మాగారమునకును అమ్మోనియాయే ఆధారము. అచటను వాయువులు ఒక్కసారికే పూర్తిగా మారవు; ఏర్పడిన అమ్మోనియాను చల్లార్చి వేరుచేసి, మిగిలినదానిని మరల లోనికి పంపుచుందురు.