నొప్పి తగ్గిందని నమ్మాను

నొప్పి లేదు కాబట్టి మోకాలు బాగుపడిందనుకున్నాను. అదే మోకాలి విషయంలో ఈ పొరపాటు రెండుసార్లు చేశాను.

మొదటిది వాలీబాల్ ఆడే వయసులో. ఎగిరి దిగేటప్పుడు కాలు మెలిపడి మోకాలి బయటివైపు మెనిస్కస్ చిరిగింది. తొడ ఎముకకూ కింది ఎముకకూ మధ్య నెలవంక ఆకారంలో ఒదిగి బరువు పంచే మెత్త అది. కుట్టి చూద్దాం, కానీ నెలల తరబడి ఆట మానాలన్నారు డాక్టరు. తీసేస్తే త్వరగా ఆడొచ్చని తెలిసి, తీసేయమన్నాను. నొప్పి పోయింది. మెనిస్కస్ తీసేసిన మోకాళ్లలో ఎముకల మధ్య సందు తగ్గిపోతుందని ఫెయిర్‌బ్యాంక్ అనే బ్రిటిష్ సర్జన్ 1948లోనే రాశాడు. నా మోకాలూ అలాగే అయింది. కొన్నేళ్లకు మెట్లు దిగితే పోటు, సాయంత్రానికి వాపు.

చివరికి మెనిస్కస్ మార్పిడి చేశారు. 1984లో మ్యూనిక్‌లో మొదలైన పద్ధతి ఇది. మరణించిన దాత నుంచి తీసి గడ్డకట్టించి దాచిన మెనిస్కస్‌ను కొలతలు సరిచూసి అమరుస్తారు. కాలు వంకర లేకుండా, లిగమెంట్లు గట్టిగా, ఎముకల చివరి మృదులాస్థి మరీ అరగకుండా ఉంటేనే చేస్తారు. కిడ్నీ మార్చినప్పటిలా జీవితాంతం మందులు అక్కర్లేదు.

కొన్ని నెలలకే నొప్పి మాయమైంది. ఫిజియో మాత్రం గొంతుక్కూర్చోవద్దు, బాసింపట్టు వద్దు, గెంతడం అసలే వద్దు అంటూనే ఉన్నారు. నేను నా దగ్గర వాలీబాల్ ఆడే పిల్లలతో కోర్టులోకి దిగాను. బంధువులింట్లో వ్రతానికి పీట మీద చాలాసేపు కూర్చున్నాను కూడా.

అప్పుడు లోపల ఏం జరుగుతోందో తర్వాత అర్థమైంది. అమర్చిన మెనిస్కస్‌లో జీవకణాలు దాదాపు ఉండవు. అంచుల నుంచి మన కణాలు మెల్లగా లోపలికి చేరి దాని పీచును కొత్తగా అల్లుకుంటాయి. ఆ అల్లిక సాగుతున్నంతకాలం అది బలహీనంగానే ఉంటుంది. పైగా మామూలు మెనిస్కస్‌కే లోపలి భాగంలో రక్తనాళాలుండవు, నరాలూ ఉండవు. అమర్చిన మెత్త బరువును మళ్లీ పంచుతోంది కాబట్టి నొప్పి తగ్గింది. అల్లిక పూర్తయిందని కాదు. చిరుగుతున్నా నాకు తెలియదు.

వాపు వచ్చాక ఎమ్మారై తీస్తే వెనక కొస చిరిగి, మెత్త కొంత పక్కకు జరిగి ఉంది. చిరిగిన ముక్క తీసేయాల్సి వచ్చింది. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆపరేషన్ కాదు. ఎవరో కుటుంబం తమ మనిషిని పోగొట్టుకున్న రోజున ఒప్పుకుంటే నాకు దక్కిన కణజాలం అది.

పదేళ్లయినా సుమారు నూటికి డెబ్బై మందిలో ఈ మార్పిడి నిలుస్తోందని అధ్యయనాలు చెబుతున్నాయి. నొప్పి తగ్గించడంలో, నడిపించడంలో మంచిదే. కానీ అరుగుదలను ఆపుతుందన్న రుజువు ఇంకా గట్టిగా లేదు. పుట్టుకతో వచ్చిన మెనిస్కస్‌కు ఇది సాటి రాదు.

నాకు మిగిలిన భాగం పనిచేస్తోంది. ఈత కొడతాను, సైకిల్ తొక్కుతాను, గెంతను. నా దగ్గర ఆడే పిల్లల్లో ఎవరికైనా మెనిస్కస్ చిరిగితే, కుట్టడానికి వీలుందేమో ముందు అడగమని వాళ్ల అమ్మానాన్నలకు చెబుతాను. కుట్టాక ఆరు నెలలు ఆగాలంటే, ఆ ఆరు నెలలూ టోర్నమెంటు మాట నా దగ్గర ఎత్తొద్దంటాను.