బైబిలులో పెట్టిన చీటీ



మా సంఘంలో ప్రార్థన విన్నపాల నోటుపుస్తకం ఒకటుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చినవారు తమ అవసరాలు అందులో రాయిస్తారు. గడచిన నవంబరులో ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి, రెండు విన్నపాలు మా చేతిరాతతోనే ఉన్నాయి. మొదటిది: మామ్మ కళ్లు, పట్నం వెళ్లాలి. రెండవది: మామ్మ కుమారుడు, కారు ఎంపిక, దేవుని చిత్తం. రెండింటి కోసమూ ప్రార్థించాము. ఒకదాని గురించి మాత్రమే పని చేశాము. ఏ దాని గురించో చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ తల్లిని మందిరంలో అందరూ మొదటి వరుస మామ్మ అంటారు. ఆధార్ ప్రకారం డెబ్బై ఒకటి. ఇరవై ఏళ్ల నుంచి షుగరు. ఒకప్పుడు ఆడవారి వైపు గోడకు ఆనుకుని వెనక కూర్చునేవారు. చూపు తగ్గేకొద్దీ ఒక్కొక్క చాప ముందుకు జరుగుతూ, చివరికి మా ప్రసంగ బల్ల కాళ్ల దగ్గరకు వచ్చేశారు. పెద్ద అక్షరాల బైబిలు ముక్కుకు ఆనించుకుని చదువుతారు. "శుక్లాలు నాయనా, ఇంకా పండలేదు" అనేవారు. మేమూ అదే నమ్మాము. ఊళ్లో కంటికి వచ్చిన ప్రతి జబ్బూ శుక్లమే, ప్రతి శుక్లమూ పండవలసిందే.

నవంబరులో హైస్కూలులో కంటి శిబిరం పెట్టారు. పేర్లు రాసేవారికి సాయంగా మేము కూర్చున్నాము. పరీక్ష చేసిన అమ్మాయి మామ్మను రెండుసార్లు చూసి, ఇది శుక్లం కాదండీ, లోపల నరాల పొర దగ్గర తేడాగా ఉంది, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి అని చీటీ రాసి మా చేతికిచ్చింది. ఇంగ్లీషులో రెండు వరుసలు. మొదటి వరుసలో రెటీనా అన్న మాట చదివాము. రెండవ వరుస గొలుసుకట్టు రాత, చదవలేదు. సెమినరీలో డిప్లొమా తెచ్చుకున్నామన్న మాటే గానీ డాక్టరు రాత చదవడం అక్కడ నేర్పలేదు. చీటీ పోకుండా ఉండాలని మా బైబిలులో పెట్టుకుని, "క్రిస్మస్ పనులు అయ్యాక వెళ్దామమ్మా" అన్నాము. ఆమె సరే నాయనా అన్నారు.

ఇక రెండవ విన్నపం. మామ్మ కడగొట్టు కొడుకు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటాడు. మేము ఈ ఊరికి సేవకు వచ్చిన కొత్తలో అతడు పదో తరగతి. మా టీవీఎస్ మోపెడ్ ముందు భాగంలో కాళ్లు ముడుచుకుని కూర్చుని పక్క ఊళ్ల కూడికలకు వచ్చేవాడు. డోలక్ వాయించేవాడు. మట్టిరోడ్డు మీద నలభై స్పీడు దాటితే చాలు, గాలికి నోరు తెరిచి నవ్వేవాడు. ఆదివారం రాత్రి మాకు తొమ్మిదిన్నర అయితే అక్కడ ఉదయం పది. మందిరానికి బయలుదేరే ముందు ఫోన్ చేస్తాడు. ఇంటి అప్పు తీరింది, పిల్లల్ని తీసుకెళ్లడానికి పెద్ద కారు ఉంది, ఇప్పుడు తనకోసం ఒక చిన్న స్పోర్ట్స్ కారు కొనుక్కోవాలని ఉంది, ఇది లోకాశ అంటారా అయ్యగారూ అని అడిగాడు.

లోకాశ అని మేము అనలేదు. సంఘ పెద్దల్లో ఒకరిద్దరు, ఆ డబ్బుతో మందిరం ప్రహరీ గోడ లేస్తుంది కదా అన్నారు. ఒకరి కష్టార్జితం మీద మనం ప్రహరీ గోడలు కట్టడం మొదలుపెడితే ఆ మనిషి ఫోన్ చేయడం మానేస్తాడు. పైగా నిజం చెప్పాలంటే మాకూ సరదా వేసింది.

అతని ముందు రెండు కార్లున్నాయి. ఒకటి మాజ్డా వారి మియాటా. 1989లో చికాగో ఆటో షోలో మొదట చూపించారట, 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయట. రెండే సీట్లు. పైకప్పు గుడ్డది, చేత్తో వెనక్కి మడిచేయవచ్చు. రెండు లీటర్ల ఇంజను, 181 గుర్రాల శక్తి. బరువు వెయ్యి కిలోలకు కొంచెం పైన, అందుకే అంత తేలిగ్గా తిరుగుతుందట. రెండవది టొయోటా వారి జీఆర్86. 2.4 లీటర్ల ఇంజను, 228 గుర్రాలు, గట్టి పైకప్పు, వెనక ఇంకో రెండు సీట్లు. ఆ వెనక సీట్లలో మనిషి మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తయారు చేసినవారికే తెలియాలి. రెండింటిలోనూ ఇంజను ముందు ఉండి వెనక చక్రాలను తిప్పుతుంది. రెండూ మన దేశంలో అమ్మరు. మియాటా పొడవు నాలుగు మీటర్లలోపే. మా సంఘంలో మూడున్నర మీటర్లు కూడా లేని ఆల్టో ఒకటుంది, కోత రోజుల్లో అందులో ఎనిమిది మంది ఎక్కుతారు. ఆ మాట చెబితే అతడు పడీ పడీ నవ్వాడు.

ప్రియులారా, ఈ లెక్కలన్నీ మాకు కంఠతా వచ్చు. డిసెంబరంతా వారానికి రెండు మూడు రాత్రులు అతడు పంపిన వీడియోలు చూసి, కప్పు తీసే కారు వేడి దేశంలో పనికొస్తుందా, గేర్లు చేత్తో మార్చేది కావాలా వద్దా అని మాట్లాడుకునేవాళ్లం. పాస్టరమ్మ ఒకసారి, "ఆ అబ్బాయి కొంటున్నాడా, మీరు కొంటున్నారా" అని అడిగారు కూడా. కారు గుర్రాల శక్తి ఎంతో తెలుసు. చీటీలో రెండవ వరుస ఏమిటో తెలియదు. ఆ చీటీ పెట్టిన బైబిలుతోనే సెమీ క్రిస్మస్, క్రిస్మస్, నూతన సంవత్సర ఆరాధన, మూడూ చేశాము.

జనవరి మూడవ వారంలో ఒక ఉదయం మామ్మ గోడ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. కుడి కంట్లో నల్లటి దారాలు వేలాడుతున్నాయనీ, పొయ్యి పొగ లోపలికి వెళ్లినట్టు ఉందనీ, పొద్దుటి నుంచి కడిగినా పోలేదనీ అన్నారు. నొప్పి లేదట. అప్పుడు బైబిలు తెరిచాము. చీటీ తీసి వెలుగులో పెట్టి మా ఊరి నర్సమ్మకు చూపిస్తే రెండవ వరుస చదివి చెప్పింది: రెండు వారాలలోపు చూపించాలి.

తరువాత ఏం జరిగిందో త్వరగా చెబుతాము. మండలంలోని కంటి కేంద్రానికి, అక్కడి నుంచి పట్టణంలోని ఆసుపత్రికి, అక్కడి నుంచి నగరానికి. మన రాష్ట్రాల్లో కంటి వైద్యానికి ఈ మెట్ల పద్ధతి బాగా పేరుపొందినదే. 1987లో హైదరాబాదులో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు మొదలుపెట్టిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారు దీన్ని పిరమిడ్ అంటారు. సుమారు యాభై వేల జనాభాకు ఒక చిన్న కేంద్రం, ఐదు లక్షలకు ఒక ఆసుపత్రి, యాభై లక్షలకు ఒక పెద్ద ఆసుపత్రి. కాగితం మీద చూస్తే ఎంత చక్కని ఏర్పాటు! అయితే ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య మోసేది ఎవరో ఆ బొమ్మలో ఉండదు. కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు మసక, ఒంటరిగా బస్సెక్కలేరు. ప్రతి కిటికీ దగ్గర మొదటి ప్రశ్న, కూడా ఎవరొచ్చారు అనే. ఆధార్ కావాలి, పాత చీటీలు కావాలి, షుగరు పరీక్ష కాగితం కావాలి. షుగరు మనిషి గనుక మధ్యాహ్నం దాటకముందే ఏదో ఒకటి తినాలి, కానీ లైన్లో నుంచి కదిలితే టోకెను పోతుందని భయం. ఆడవారికి ఇప్పుడు పల్లెవెలుగులో టికెట్ లేదు, మంచిదే. తోడు వెళ్లే కొడుకుకో మనవడికో టికెట్ ఉంది, ఆ రోజు కూలీ పోతుంది. డెబ్బై దాటినవారికి 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి ఐదు లక్షల వరకు వైద్యానికి కార్డు వచ్చింది, మామ్మకూ ఉంది. పోయిన కూలీని ఏ కార్డూ తిరిగి ఇవ్వదు.

మార్కు సువార్త రెండవ అధ్యాయంలోని పక్షవాయువు గలవాని గురించి మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్క లేదు. ఎప్పుడూ వారి విశ్వాసం గురించి, విప్పిన కప్పు గురించి చెప్పాము. ఆ నలుగురు ఆ రోజు ఏ పని మానుకుని వచ్చారో, ఎంత దూరం మోశారో, మధ్యలో ఎవరికి భుజం నొప్పి పెట్టిందో ఆలోచించలేదు. నగరం ఆసుపత్రి వరండాలో మామ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడు మొదటిసారి ఆలోచన వచ్చింది.

డాక్టరు గారు ఓపికగా చెప్పారు. షుగరు వల్ల కంటి వెనక పొరలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. రక్తం చాలక కొత్త నాళాలు పుడతాయి, అవి పలచనివి, పగులుతాయి. ఆ రక్తమే మామ్మ చూసిన నల్ల దారాలు. లేజరు గానీ ఇంజక్షన్లు గానీ ముఖ్యంగా ఉన్నదాన్ని కాపాడటానికే, పూర్తిగా పోయిన చూపును తిరిగి తేవడం వాటి చేతిలో లేదు. కుడి కంట్లో రక్తంతో పాటు పొర కూడా లాగబడి లేచింది, ఆపరేషన్ చేసినా పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ఎడమ కంట్లోనూ మొదలైంది, దాన్ని నిలబెడదాం.

అంతా చెప్పి, మా చేతిలోని చీటీ తీసుకుని తేదీ చూసి, "ఇది నవంబరుది కదా, ఇన్నాళ్లు ఎందుకు రాలేదు?" అని అడిగారు.

మేము నోరు తెరిచేలోపు మామ్మ అన్నారు: "అయ్యగారు రమ్మంటూనే ఉన్నారండీ. నేనే రానన్నాను. ముసలిదాన్ని, భయం."

మేము నోరు మూసుకున్నాము. అక్కడే, అప్పుడే నిజం చెప్పవలసింది. చెప్పలేదు. ఎంతో మంది విశ్వాసుల ఎదుట ధైర్యంగా నిలబడే సేవకులం, ఒక డాక్టరు ఎదుట ఒక ముసలితల్లి అబద్ధం వెనక దాక్కున్నాము.

తిరుగు బస్సులో అడిగాము, ఎందుకమ్మా అలా చెప్పారు అని. "పాస్టరు గారికి మాట రాకూడదు కదా నాయనా" అని, కండువా కళ్లకు అడ్డం వేసుకుని పడుకున్నారు.

ముసలివారు వెళ్లనంటే బలవంతం చేయాలని మేము అనడం లేదు. రెండవ సమూయేలు గ్రంథంలో గిలాదువాడైన బర్జిల్లయి ఎనభై ఏళ్లవాడు. దావీదు రాజు స్వయంగా యెరూషలేముకు రమ్మని పిలిస్తే, యొర్దాను దాటేదాకా వస్తాను, నా ఊళ్లో నా తల్లిదండ్రుల సమాధి దగ్గర చనిపోనివ్వండి అన్నాడు. రాజు బలవంతం చేయలేదు, ముద్దు పెట్టుకుని పంపాడు. మా సంఘంలోనూ ఒక తాతగారు గుండె ఆపరేషన్‌కు రాసిచ్చిన చీటీని, అన్నీ విని అర్థం చేసుకుని, వద్దని చెప్పి ఇంట్లో ప్రశాంతంగా వెళ్లిపోయారు. అది ఆయన నిర్ణయం. మామ్మ వద్దనలేదు. సరే నాయనా అన్నారు. ఆమె బదులు వద్దన్నది మేము.

ఆ ఆదివారం రాత్రి ఫోన్ వచ్చినప్పుడు కొడుక్కి అంతా చెప్పాము. చీటీ ఎప్పుడు ఇచ్చారు అని అడిగాడు. చెప్పాము. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అమ్మ నాకూ చెప్పింది అయ్యగారూ, ఎవరో చీటీ ఇచ్చారని. క్రిస్మస్ అయ్యాక చూద్దాం అని నేనూ అన్నాను" అన్నాడు. ఆ మాటతో మాకు కొంత ఊరట కలిగింది. అలా ఊరట కలిగినందుకు సిగ్గు కూడా కలిగింది. మరుసటి ఆదివారం ప్రసంగం ఆపి, డాక్టరు గారి ముందు దాచినది మామ్మ ఎదుటనే సంఘానికి చెప్పాము. మామ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. కోపమో, దుఃఖమో మాకు తెలియలేదు. ఆరాధన అయ్యాక మాత్రం, "అందరిలో చెప్పాలా నాయనా?" అని ఒక్క మాట అన్నారు.

మీ ఇళ్లలో కూడా ఇలాంటి చీటీలుంటే తీసుకురండి అని ఆ రోజే ప్రకటన చేశాము. రెండు మూడు వస్తాయనుకున్నాము. పదకొండు వచ్చాయి. బైబిళ్లలో నుంచి, బియ్యం డబ్బాల్లో నుంచి, గోడ క్యాలెండరు వెనక నుంచి. ఒకటి మడత దగ్గర చిరిగిపోయి రెండు ముక్కలుగా వచ్చింది. గుండె డాక్టరుకు రాసినవి మూడు, తుంటి ఎముకకు ఒకటి, చెవికి ఒకటి, రొమ్ములో గడ్డకు ఒకటి. ఈ గడ్డ చీటీ తెచ్చిన తల్లిని సోమవారమే పంపించాము. మిగిలినవాటికి యవ్వనస్థుల్లో నలుగురు పేర్లిచ్చారు. విన్నపాల నోటుపుస్తకంలో ఇప్పుడు ప్రార్థన అంశం పక్కన ఇంకో రెండు గళ్లు గీశాము: ఏ తేదీలోపు, తోడు ఎవరు.

కొడుకు మార్చిలో సెలవు పెట్టి వచ్చి, తల్లికి రెండవసారి లేజరు పెట్టించి వెళ్లాడు. కారు సంగతి మేము అడగలేదు. వెళ్లాక అతడే ఫొటో పంపాడు. మియాటా, ఎరుపు. వెనక సీట్లు లేనిదే తీసుకున్నాడు. మామ్మ ఫోన్‌ను ఎడమ కంటికి దగ్గరగా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత కిందికి ఉంటే ఎలా ఎక్కేదిరా? ఎక్కినా నన్ను లేపేదెవరు?" అన్నారు. అటునుంచి, "నువ్వు వస్తే పెద్ద కారు తెస్తానమ్మా" అన్నాడు. "ఇది ఎలా మోగుతుందో వినిపించు" అంటే, గ్యారేజీలోకి వెళ్లి ఇంజను ఆన్ చేసి ఫోన్ దగ్గర పెట్టాడు. మామ్మ విని, అయ్యగారి మోపెడ్‌కే ఎక్కువ చప్పుడు అని మా వైపు తిరిగి నవ్వారు.

మూడవ లేజరు వచ్చే శనివారం. బస్సు ఆరుంపావుకు. తోడు గడిలో ఈసారి పాస్టరమ్మ పేరుంది. టిఫిన్ డబ్బాలో రెండు ఇడ్లీలు, మాత్రలు, పాత చీటీ జిరాక్సు పెట్టాలి.