బ్యాటరీ జాతకం

మా కారు అమ్మేద్దామనుకున్న రోజునించీ మా ఇంటికి వచ్చేపోయే జనం ఎక్కువైపోయారు. వచ్చినవాళ్ళు ముందు కారు చుట్టూ ఓ ప్రదక్షిణం చేస్తారు. తరవాత టైర్లని కాలితో తంతారు. ఎందుకు తంతారో నాకు ఇంతవరకూ బోధపడలేదు. ఆపైన బానెట్ ఎత్తమంటారు. ఒక పెద్దాయన లోపలికి చాలాసేపు తొంగిచూసి, "ఇంజను కనపడదేమమ్మా?" అన్నాడు.

"కరెంటు కారండీ, ఇంజను ఉండదు" అన్నాను.

ఆయన నావైపు అదోలా చూశాడు. ఇంజను తీసి ఇంట్లో దాచేసుకుని ఒట్టి డొక్కు అమ్ముతున్నామనుకున్నాడో ఏమో, మళ్ళీ రాలేదు.

2020లో కొన్నాం ఆ కారు. కంపెనీ పేరెందుకులెండి, చిన్న కారు, 30 యూనిట్ల బ్యాటరీ. పిల్లలు చెరో ఊరికీ వెళ్ళిపోయాక మా ఇద్దరికీ కారు పని తగ్గింది. అమ్మేసి, ఎప్పుడైనా కావాలంటే ఇంకోటి చూసుకుందాం అన్నారు మావారు. సరేనన్నాను.

వచ్చినవాళ్ళందరూ ఒకటే ప్రశ్న. "ఎంత తిరిగింది?" 62 వేల కిలోమీటర్లు అని చెప్పగానే పెదవి విరవడమో, తల పంకించడమో. అంతే. అసలు అడగాల్సినది ఒక్కరూ అడగలేదు. కారు ధరలో పెద్ద వాటా ఎవరిదో, ఆ బ్యాటరీగారి కుశలప్రశ్న ఒక్కరూ వెయ్యలేదు!

"అడగలేదు కాబట్టే బతికిపోయాం" అన్నారు మావారు. విషయం ఏమిటంటే, అంతకు వారం ముందే సర్వీసు సెంటర్లో బ్యాటరీ పరీక్ష చేయించారు. కంప్యూటరు కాగితం ఒకటి ఇచ్చారు. ఆరోగ్యం 84 శాతం. ఆ కాగితాన్ని ఆయన నాలుగు మడతలు పెట్టి బీరువాలో పట్టుచీరల కింద పెట్టేశారు.

84 అంటే ఏమిటో నాకు మాత్రం ఏం తెలుసు మొదట్లో! చదివింది ఆర్ట్సు. రాసేది నవలలు. నాకు తెలిసినంతలో కరెంటంటే పోవడం, రావడం. కాని మా మరిది పుణ్యమా అని ఈ సంగతి బాగా అర్థమైపోయింది. అది చెప్తాను వినండి.

నిరుడు ఆయన ఒక పాత కరెంటు కారు కొన్నాడు. చూడాలి, అద్దంలా ఉంది! 21 వేల కిలోమీటర్లే తిరిగింది. డల్లాస్‌లో ఉండేవాళ్ళబ్బాయి ఇక్కడ తల్లిదండ్రుల కోసం కొనిపెట్టాడట. వాళ్ళకి డ్రైవింగ్ రాదు. డ్రైవరు నెలకి నాలుగుసార్లు తీస్తే ఎక్కువ. మిగతా రోజులన్నీ చార్జరు తగిలించి, 100 నిండుగా, రేకుల షెడ్డులో. మరిది సంబరం ఇంతా అంతా కాదు. మా తోడికోడల్ని ఎక్కించుకుని విజయవాడ ప్రయాణం కట్టాడు. సూర్యాపేటలో చార్జింగు, అక్కడే టిఫిను అని పథకం. సూర్యాపేట ఎక్కడ! చిట్యాల దాటేసరికే కారు గోల మొదలెట్టింది. ఏసీ కట్టేసి, అద్దాలు దించి, చెమటలు కక్కుతూ పాక్కుంటూ నకిరేకల్ చేరారు. ఆ రోజు మా తోడికోడలు అన్న మాటలు ఈ పత్రికలో వేసుకోరు.

తరవాత పరీక్ష చేయిస్తే 74. మా కారు దానికి మూడింతలు తిరిగినా 84. చిత్రంగా లేదూ? ఇందులో చిత్రమేం లేదన్నాడు మా మేనల్లుడు, వాడు ఇంజనీరు. ఈ బ్యాటరీలు తిరిగితేనే కాదు, ఊరికే కూర్చున్నా ముసలివవుతాయిట. ఎండలో, నిండు చార్జితో కూర్చుంటే మరీ తొందరగా. కిలోమీటర్ల మీటరు చూసి కారు కొనడం, పిల్ల వయసు మాత్రం అడిగి మిగతావేవీ అడక్కుండా సంబంధం ఖాయం చేసుకోవడం లాంటిదన్నమాట.

నాకు వాడు చెప్పిన పోలిక ఒకటి నచ్చింది. బ్యాటరీని ఆవకాయ జాడీ అనుకోండి. ఏటేటా అడుగున, అంచులకీ కాస్త గడ్డ కడుతూ వస్తోంది. బయటినించి చూస్తే అదే జాడీ. పట్టేది మాత్రం తగ్గింది. అయిదు కిలోలది నాలుగు కిలోలే పడుతోంది. అయినా నింపితే నిండుగానే కనిపిస్తుంది కదా! కారులో 100 అని చూపించేది ఆ నిండుదనాన్నే. జాడీ ఎంత మిగిలిందో అది చెప్పదు. పక్కనే ఇంకో అంకె ఉంటుంది, ఇంకా ఇన్ని కిలోమీటర్లు వెళ్తుందని. అది మరీ ముఖస్తుతి. నాలుగు రోజులు మెల్లిగా నడిపితే పొంగిపోయి పెద్ద అంకె చూపిస్తుంది. అమ్మేవాడు కావాలనుకుంటే దాన్ని బుజ్జగించడం ఎంతసేపు?

ఇదేదో మన దగ్గరే అనుకోకండి. 2010 చివర్లో వచ్చిన నిస్సాన్ లీఫ్ కారులో బ్యాటరీ ఎంత పడుతుందో చెప్పడానికి 12 గీతలుండేవి. 2012 వేసవిలో అమెరికాలో ఆరిజోనా ఎండలకి ఆ గీతలు ఒక్కొక్కటే రాలిపోతున్నాయని కొన్నవాళ్ళు గగ్గోలు పెట్టారు. దాంతో కంపెనీ దిగొచ్చి, అయిదేళ్ళలోపు లేదా 60 వేల మైళ్ళలోపు 9 గీతలకన్నా తగ్గితే మా పూచీ అంది. యూరప్ వాళ్ళయితే 2023లో చట్టమే చేశారు, 2027 ఫిబ్రవరినించి కొత్త కరెంటు కారు బ్యాటరీ ప్రతిదానికీ పాస్‌పోర్టు ఉండాలని. మనం మనుషులకి జాతకాలు రాయించాం, వాళ్ళు బ్యాటరీలకి రాయిస్తున్నారు. ఈ లిథియం బ్యాటరీ కనిపెట్టినందుకు 2019లో ముగ్గురికి నోబెల్ బహుమతి ఇస్తే, అందులో గుడ్‌ఇనఫ్ గారికి అప్పటికి 97 ఏళ్ళు. ఆయన సొంత బ్యాటరీ ఎంత శాతం ఉండేదో!

సరే, మా కథకొస్తాను. ఒక ఆదివారం ఒకమ్మాయి వచ్చింది. ముప్పై అయిదు లోపే. వెంట వాళ్ళమ్మ. ఉప్పల్లో ఉంటారట. ఆ అమ్మాయి యాదగిరిగుట్ట దాటాక ఏదో ఊళ్ళో హైస్కూల్లో టీచరు. రోజూ రెండు బస్సులు, ఒక ఆటో. రానూపోనూ 120 కిలోమీటర్లు. పొద్దున్న ఆరింటికి బయల్దేరితే ఇల్లు చేరేసరికి చీకటి. స్కూలు దగ్గర చార్జింగు లేదు. పి.ఎఫ్. లోను పెట్టిందట.

టైర్లు తన్నలేదు. బానెట్ ఎత్తమనలేదు. స్టీరింగు ముందు కూర్చుని, ఎదురుగా అంకెలు చూసి, "100 ఉంది, 240 వెళ్తుందంటోంది. నాకు చాలండి" అంది. మావారి మొహం వెలిగిపోయింది. "మీకు ఢోకా ఉండదమ్మా" అన్నారు. ఏడు లక్షలు అన్నారు. బేరం కూడా ఆడలేదా అమ్మాయి.

కాఫీ పెడతానని లోపలికొచ్చాను. పాలు పొంగేదాకా నిలబడ్డాను గాని మనసు అక్కడ లేదు. వాళ్ళమ్మ మా గోడమీద ఉన్న పిల్లల ఫొటో చూస్తూ, "ఇంక చీకట్లో బస్టాండులో నిలబడక్కర్లేదు ఇది" అంటోంది. నా కళ్ళముందు నకిరేకల్ కనపడింది. ఏ శీతాకాలపు సాయంత్రమో రోడ్డు పక్కన ఆ పిల్ల ఒంటరిగా.

స్టవ్వు పక్కనే మేకుకి పాల లెక్క పుస్తకం వేలాడుతోంది. అందులోనే నేను కరెంటు లెక్కలూ రాస్తాను. కింద కారు పెట్టుకునే చోట మాకు సబ్‌మీటరు ఉంది. కారు కొన్న కొత్తల్లో, ఈ కారు ఎంత తాగుతుందో చూద్దామని నేను రీడింగులు రాసి పెట్టుకున్నాను. 20 శాతం నించి 100 దాకా ఎక్కితే 27 యూనిట్లు. అది 2020లో. మొన్న కాగితం పట్టుచీరల కింద దాక్కున్నాక, అది నిజమా కాదా చూద్దామని నేనే రాత్రి 20 దగ్గర తగిలించి, పొద్దున్నే 100 దగ్గర తీసి రీడింగు చూశాను. 22న్నర. చార్జరులో కొంత వృథా అవుతుంది నిజమే, కాని అప్పుడూ ఇప్పుడూ అదే చార్జరు, అదే వృథా. 22న్నరని 27తో భాగించాను, రెండుసార్లు తప్పు చేసి మూడోసారి సరిగ్గా. 83 చిల్లర. కంపెనీ కంప్యూటరుకీ నా పాల పుస్తకానికీ ఒక్క శాతం లోపే తేడా!

కాఫీ గ్లాసులతో పాటు పుస్తకం కూడా పళ్ళెంలో పెట్టుకుని వచ్చాను.

మావారు పుస్తకం చూశారు. నన్ను చూశారు. "ఇప్పుడు పాల లెక్కలెందుకే?" అన్నారు.

"అమ్మాయ్, ఆ 100ని నమ్మకు" అని మొత్తం చెప్పేశాను. బీరువాలో కాగితం కూడా తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కాఫీ తాగడం మొదలెట్టారు.

తీరా చూస్తే ఆ అమ్మాయి లెక్కల టీచరు! నాకు మూడుసార్లు పట్టిన భాగహారం ఆవిడ గాలిలోనే చేసేసింది. "అంటే ఇప్పుడు 25 యూనిట్లు పడుతుంది. యూనిట్‌కి ఆరు చొప్పున వేసుకున్నా 150. నాకు కావాల్సింది 120. ఇంకో మూడేళ్ళకి ఇంకో ఆరేడు శాతం పోతే..." కాసేపు ఆలోచించింది. "ఎండాకాలం ఏసీతో ఇబ్బందవుతుందేమో" అన్నాను నేనే.

"మే నెలలో మాకు స్కూలుండదు కదండీ!" అంది నవ్వుతూ.

తరవాత ఆవిడ అడగడం మొదలెట్టింది. ఇందాక ఒక్క ప్రశ్నా లేదు, ఇప్పుడు పరీక్ష పేపరే. రోజూ ఫాస్ట్ చార్జింగు చేశారా? గ్యారంటీ ఎనిమిదేళ్ళంటున్నారు, 2028 దాకా ఉంటుంది కదా, రెండో యజమానికి బదిలీ అవుతుందని కంపెనీ చేత రాయించి ఇస్తారా? ఎంత శాతం కన్నా తగ్గితే మారుస్తారు? మా మేనల్లుణ్ణి పిలిపించాను. వాడు స్టీరింగు కింద ఉన్న సాకెట్టుకి అగ్గిపెట్టంత పరికరం తగిలించి ఫోన్లో సెల్లుల వోల్టేజీలన్నీ చూపించాడు. ఒకదాని వెనక ఒకటి కట్టిన సెల్లులట. ఉమ్మడి కాపురం లాంటిదే. ఒక్క సెల్లు నీరసపడితే మిగతావాటికి ఓపికున్నా కారు ఆగిపోతుంది. మావాటిలో అన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి. ఆ మాటకి మాత్రం మావారు కిటికీ దగ్గర్నించి ఇటు తిరిగారు.

మర్నాటి ఆదివారం ఆ అమ్మాయి, నేను, మేనల్లుడు కలిసి వాళ్ళ స్కూలు దాకా వెళ్ళి వచ్చాం. గుట్ట దగ్గర దర్శనం కూడా అయింది, అది వేరే లాభం. ఏసీ వేసుకునే వెళ్ళాం. ఉప్పల్ తిరిగొచ్చేసరికి 29 మిగిలింది. ఆ అమ్మాయి చిన్న పుస్తకంలో రాసుకుని, "ఆరు లక్షల ముప్పై వేలిస్తాను" అంది. ఇప్పుడు బేరం ఎందుకు ఆడదూ, ఆయుధం నేనే ఇచ్చానాయె.

డెబ్భై వేలు! ఆ మాట మా ఇంట్లో నెల్లాళ్ళు వినపడింది. కూరలో ఉప్పు ఎక్కువైతే "డెబ్భై వేలు", పేపరు ఆలస్యమైతే "డెబ్భై వేలు". నేను పలకలేదు. నిజానికి నాకూ బాధగానే ఉంది. డెబ్భై వేలంటే నేను రెండు నవలలు రాయాలి.

మొన్న మావారు మనసు మార్చుకుని మళ్ళీ ఓ కారు చూడ్డానికి బయల్దేరారు, పాతదే. నన్నూ రమ్మన్నారు. అమ్మేవాడు నవనవలాడుతున్న కారు చూపించి, "40 వేలే తిరిగింది సార్, 100 చార్జింగుంది, చూసుకోండి" అన్నాడు. మావారు టైరు తన్నబోయి ఆగారు. గొంతు సవరించుకుని, "అది సరేనయ్యా, మీ ఇంట్లో పాల లెక్క పుస్తకం ఉందా?" అన్నారు.