నా పేర రాసుకున్న గంట

మా గేరిలో క్రమశిక్షణ తెల్వనోళ్లు లేరు. వడ్డేపల్లి సీడుపత్తి చేన్లల్ల క్రాసింగు మొదలైతే కోడి కూయకముందే లేవాలె. ఆ లేచుడు చేనుగలోళ్ల కోసం, తెచ్చిన అప్పు కోసం. మాకోసమని మిగిలేది పొద్దుమీకినంక కల్లు సీసా. "పానానికి సుఖమియ్యొద్దా?" అంటుండె మా నాయిన. ఒళ్లు హూనమైన మనిషి మాట, దాన్ని తప్పుపట్టను. కాని ఆ కల్లు పానానికి పెట్టిందేమీ లేదు, కూలిపైసలు పట్టుకపోయింది.

1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ తాగుడుకూ జోగిని ఆచారానికీ ఎదురునిలిచిండు. రెండింట్లోనూ మన ఒళ్లే ఇంకొకరి పాలయితది. ఆత్మగౌరవం ఒంటి నుంచే మొదలైతదని నేనాయన బతుకులో చదువుకున్న.

మా ఇంట్లో తొలి డిగ్రీ నాది. సర్కారు బడి పంతులునైనంక కూడ నాలుగింటికే లేస్త. ఎవరూ లేపరు. గంటసేపు నాకోసం చదువుకుంట. కల్లు ముట్ట, పెద్దకూర మానలే. ఇది మడి కట్టుకునుడు కాదు. తరతరాలు ఇంకొకరి చేన్ల పాలైన పొద్దులో ఒక గంటను నా పేర రాసుకునుడు.

క్రాసింగు రోజుల్లో బడికి రాని పిల్లల ఇండ్లకు పోత. "పంతులు బెత్తానికి బెదిరి రావొద్దు బిడ్డా, నీ పానం మీద నీకున్న ప్రేమతోని రా" అంట.