నాలుగు కాళ్లలో పనిచేసేవి రెండే

శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక సందులో ఉంది ఆ వర్క్‌షాపు. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు తెరిచాక ఈ చుట్టుపక్కల గోదాములు, కోల్డ్ రూములు, హోటళ్లు పెరిగాయి. అక్కడి మోటార్లను నడిపే డ్రైవులు చెడిపోతే కొన్ని ఈ బల్ల మీదికి చేరతాయి. బొటనవేలికి రెండింతల లావున్న కండెన్సర్లు ఈ డ్రైవుల్లో వరసగా నిలబడి ఉంటాయి. వాటికి రెండు కాళ్లుండవు, నాలుగో అయిదో ఉంటాయి. ఏ కాలు ఏదో ఎలా పోల్చుకుంటారో చూద్దామనే వెళ్లాను.

ఉస్తాద్ (పనినేర్చుకునే కుర్రాడు ఆయన్ను అలాగే పిలుస్తాడు) డ్రైవు మూత తీసి, కాళ్ల జోలికి పోకుండా ముందు మీటరు పెట్టారు. "కరెంటు తీసేసినా ఇది ఖాళీ కాదు సార్. ముందుగాల దీన్ని ఖాళీ చెయ్యాలె" అంటూ తీగలు అతికించిన పెద్ద రెసిస్టరును రెండు కొసలకూ ఆనించి పట్టుకున్నారు. త్రీఫేజు 415 వోల్టులను డీసీగా మారిస్తే లోపల 580 వోల్టుల పైచిలుకు నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవరుతో షార్టు చేసే అలవాటు ఈ షాపులో లేదు.

ఊడదీసిన కండెన్సరును తలకిందులు చేసి చూపించారు. ఒంటిమీద తొడుగుకు ఒక పక్క మైనస్ గుర్తుల పట్టీ ఉంది. కానీ కింద నాలుగు కాళ్లున్నప్పుడు ఆ పట్టీ ఒక్కటే సరిపోదు. నాలుగింటిలో ఒకటి ప్లస్, ఒకటి మైనస్. మిగతా రెండూ ఆసరా కోసం, బరువైన డబ్బా మోటారు అదురుకు ఊగి బోర్డు నుంచి ఊడకుండా పెట్టినవి. కాళ్ల మధ్య ఎడం సమానంగా లేదు. తప్పుగా తిప్పితే బోర్డు రంధ్రాల్లో దిగకుండా తయారీదారు కావాలనే అలా పెడతాడు. ఏ కాలు ఏదన్నది మాత్రం కంపెనీ డేటాషీటులోనే ఖాయంగా ఉంటుంది. ఒక కంపెనీ బొమ్మ ఇంకో కంపెనీ సరుకుకు పనికిరాకపోవచ్చు.

"మరి ఆ ఉత్తకాళ్లను ఎక్కడ కలిపినా పర్వాలేదా అన్నా?" అని అడిగాను.

"అక్కడనే దెబ్బ తింటరు సార్" అని ఇంకో బోర్డు తీశారు. దాని మీద ఒక ట్రాకు నల్లగా మాడి ఉంది. ఇంతకుముందు ఎవరో వేరే కంపెనీ కండెన్సరు తెచ్చి, కాళ్లు కుదరక, ఉత్తకాళ్లన్నింటినీ ఒక తీగతో కింది మైనస్‌కు కలిపారు. ఇక్కడ 400 వోల్టుల కండెన్సర్లు రెండు ఒకదాని మీద ఒకటిగా సిరీస్‌లో ఉన్నాయి. పైదాని మైనస్ అంటే సున్నా కాదు, కింది మైనస్ కంటే సుమారు 290 వోల్టుల ఎత్తులో ఉంటుంది. దాని డబ్బా కూడా లోపలి ద్రావకం గుండా ఆ మైనస్‌తోనే తగులుకుని ఉంటుంది. కాబట్టి ఉత్తకాలును దేనికీ కలపకుండా వదిలెయ్యాలి, లేదా అదే కండెన్సరు మైనస్‌కు కలపాలి. బోర్డు మైనస్‌కో ఎర్త్‌కో కాదు, ప్లస్‌కైతే అసలే కాదు. డబ్బా మీది ప్లాస్టిక్ తొడుగును నమ్మి చేయి పెట్టకూడదు కూడా. అది పేరు రాయడానికే తప్ప రక్షణ కోసం కాదు.

తిరగేసి కలిపితే ఎందుకంత ప్రమాదమో చెప్పాలి. లోపల అల్యూమినియం రేకులు, మధ్యన ద్రావకంలో నానిన కాగితం, అన్నీ కలిపి చాప చుట్టినట్టు చుట్టి ఉంటాయి. ప్లస్ రేకు మీద పెంచిన ఆక్సైడ్ పొరే కరెంటును ఆపేది. 400 వోల్టుల సరుకులోనూ ఆ పొర మందం ఒక మైక్రానుకు లోపే. ఒకటిన్నర వోల్టులకు మించి తలకిందులుగా పెడితే అది ఆగలేదు. కరెంటు దూసుకుపోయి, వేడెక్కి, గ్యాసు పుట్టి, డబ్బా పగులుతుంది.

ఆ మధ్యాహ్నం నాకు అన్నిటికంటే నచ్చింది మూలన ఉన్న పాత వాల్వు ఆంప్లిఫయర్, దగ్గరి ఊరి గుడి మైకుసెట్టు. అందులోని కండెన్సరు ఒకే డబ్బాలో నాలుగు. నాలుగు ప్లస్సులకూ మైనస్ ఒకటే, అదే డబ్బా. ఛాసీలో దూర్చి మెలితిప్పిన చెవులన్నీ ఆ మైనస్సే. అడుగున బేకలైట్ బిళ్లలో ఒక్కో కాలు పక్కన ఒక్కో గుర్తు కోసి ఉంది: అర్ధచంద్రుడు, చతురస్రం, త్రికోణం. నాలుగోదానికి గుర్తు లేకపోవడమే గుర్తు. డబ్బా పక్కన అవే గుర్తుల ఎదురుగా మైక్రోఫారడ్లు, వోల్టులు అచ్చువేశారు. ఏ కాగితం లేకపోయినా, ఏ భాష రాకపోయినా చదవగలిగే ఏర్పాటిది. ఇప్పటివాళ్లు దాన్ని వదులుకోవడం నాకు నష్టంగానే కనిపిస్తోంది. కాలు పక్కన ఒక చుక్క పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

అచ్చు చెరిగిపోతే? కుర్రాడు కెపాసిటీ మీటరుతో చూపించాడు. డబ్బాకూ ఒక కాలికీ మధ్య 40, డబ్బాకూ ఇంకో కాలికీ మధ్య 20 వచ్చాయి. ఆ రెండు కాళ్ల మధ్యే పెడితే పదమూడు చిల్లర! రెండూ సిరీస్‌లో పడ్డాయన్నమాట. అలా తగ్గిన అంకె చూపిందంటే అవి రెండూ ప్లస్సులే, ఉమ్మడి కాలు వేరే ఉంది. వోల్టులు ఎన్నో మాత్రం మీటరు చెప్పదు. అది సర్క్యూట్‌లో దాని చోటును బట్టి ఊహించాల్సిందే.

ఐటీఐలో నేర్పలేదా అని అడిగితే, "రెండు కాళ్లదే చూపిచ్చిన్రు సార్. టాంటలమ్‌కు గీత ఉన్న దిక్కు ప్లస్ అని గూడ ఈడికి వచ్చినంకనే తెలిసింది" అన్నాడు. నల్లపట్టీ అంటే మైనస్ అని నేర్చుకున్న చెయ్యి టాంటలమ్ కండెన్సరు దగ్గర సరిగ్గా తప్పే చేస్తుంది. ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడులో ఒక్క పూట ఈ గుర్తుల కోసం కేటాయించాలని నా గట్టి కోరిక. ఇది నేర్వని చేతికి దొరికేది లోపల 580 వోల్టులు నిలిచిన డ్రైవు.

గుడి ఆంప్లిఫయర్‌కు ఆ పాత రకం కండెన్సరు ఇక్కడ దొరకలేదు. కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెచ్చిన విడి కండెన్సర్లు నాలుగు ఛాసీ కింద అమర్చి, పాత డబ్బాను తీగలు తెంపి పైన అలాగే ఉంచుతున్నారు. కుర్రాడు ప్రతి కొత్తదాని పక్కనా మార్కరుతో పాత గుర్తే గీస్తున్నాడు. త్రికోణం వంకరగా వచ్చిందని ఉస్తాద్ తుడిపించి మళ్లీ గీయించారు.